ఎక్కడికమ్మా పొద్దున్నే?

తెలుగులో నడకకి మాటలకేం కొదవ లేదు. షికారు, వాహ్యాళి, విహారం, పచారు, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న వాకింగ్. వీటిలో ఏ ఒక్కదాన్నీ మా అడవులదీవిలో ఆడమనిషికి వాడగా నేను వినలేదు. మగవాళ్ళు సెంటరు దాకా వెళ్ళొస్తారు, కాలవగట్టున పచార్లు చేస్తారు, సాయంత్రం అలా షికారు పోతారు. ఆడవాళ్ళు మాత్రం 'తిరుగుతారు'. "ఆవిడకి తిరుగుళ్ళెక్కువ" అన్నారంటే వినేవాళ్ళకి ఇంకేం వివరించక్కర్లేదు.

నేను తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అయిదేళ్ళుగా మార్గశిరం మొదలు సంక్రాంతి వెళ్ళేదాకా అమ్మ దగ్గర ఉంటున్నాను. తెనాలిలో ఎక్కిన రైలు రేపల్లెలో ఆగిపోతుంది, అక్కడితో పట్టాలు సరి. ఆపైన నిజాంపట్నం వైపు పోయే బస్సో ఆటోనో. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక మాది బాపట్ల జిల్లా అయింది కానీ అమ్మ ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే చెబుతుంది. ఈ రెండు నెలలూ నేను పొద్దున్నే నడుస్తాను. దేనికీ కాదు, నడవాలనిపించి.

నడవాలనిపించే కాలమే అది. మా వైపు చలి అంటే పెద్ద చలేం కాదు, ఒక శాలువాతో పోతుంది. కానీ మంచు మాత్రం చిక్కగా దిగుతుంది. తెల్లవారుజామున కాలవ అవతల తాటిచెట్ల తలలు మాత్రమే కనబడతాయి, మొదళ్ళు ఉండవు. వరి కోతలు అయిపోతూ ఉంటాయి. కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసి కుప్ప వేసేసరికి మోళ్ళ మధ్య మినుము మొలకలు లేస్తాయి. వాటికి పెద్దగా వానా అక్కర్లేదు, కాలవ నీళ్ళూ అక్కర్లేదు. నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసే మంచు, ఆ రెండింటి మీదే పంట చేతికొస్తుంది. చేల గట్ల మీద నడిస్తే పాదాలు, చీర అంచు తడిసిపోతాయి. ఇంకా దక్షిణానికి పోతే నేల రంగు మారుతుంది. వరి ఆగిపోతుంది. ఉప్పు పేరిన బంజరు, ఎర్రబారిన ఇలకూర, ఆ తర్వాత రొయ్యల చెరువులు, వాటి అవతల మడ అడవి. సముద్రపు పోటు ఎక్కే బురదలో మడచెట్ల ఊపిరి వేళ్ళు చెక్కిన పెన్సిళ్ళు నాటినట్టు వేలాదిగా నిలబడి ఉంటాయి. ఊరి పేరులోని అడవి అదే.

మొదటి ఏడు నా నడక ఊరికి అర్థం కాలేదు. "ఎక్కడికమ్మా పొద్దున్నే?" పాలకేంద్రం దగ్గర ఒకరు, అరుగు మీద ఒకరు, వేపపుల్ల నములుతూ ఒకరు. కోపంగా కాదు, ఆప్యాయంగానే. "ఊరికే" అంటే మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసేవారు. రెండో రోజు "చెప్పులు తెగినాయా, నడిచి పోతున్నావు, ఆటో పిలవనా?" అన్నారు. మూడో రోజు ఎవరో అమ్మని పక్కకి పిలిచి, తెనాలిలో ఇంట్లో అంతా బాగానే ఉందా అని వాకబు చేశారట. నాలుగో రోజున అమ్మే దారి కనిపెట్టింది. "దానికి షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు" అని ప్రచారంలో పెట్టింది. నాకు షుగర్ లేదు. అయినా ఆ ఒక్క మాటతో ఊరంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "మెంతులు నానబెట్టుకు తాగమ్మా" అని సలహాలు మొదలయ్యాయి.

మా వదినకి మాత్రం నిజంగానే షుగరుంది. పెళ్ళై ఈ ఊరొచ్చి పాతికేళ్ళయినా, ఆ జబ్బు బయటపడేదాకా ఆవిడ ఒక్కతే గుమ్మం దాటి అరమైలు నడిచిన రోజు లేదు. ఇప్పుడు కేన్వాసు బూట్లు వేసుకుని నాతోపాటు వస్తుంది. ఒకరోజు కాలవ వంతెన మీద ఆగి, "షుగరు రావడమే మంచిదైంది వదినా, లేకపోతే ఈ గట్టు ఇంత పొడుగుందని నాకెట్టా తెలిసేది?" అంది. నవ్వుతూనే అంది. నడవడానికి ఆడమనిషికి రోగం కావలసి రావడం నవ్వుకునే సంగతేనా అని నాకనిపించింది కానీ, ఆవిడ నవ్వు చూసి ఊరుకున్నాను.

రోగం లేనివాళ్ళకి పుణ్యం ఉంది. కార్తీక పౌర్ణమికి బాపట్ల దగ్గర సూర్యలంకలో సముద్రస్నానం, షష్ఠికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు. పెనుమూడి దగ్గర వంతెన పడకముందు కృష్ణ దాటడానికి రేవులో పడవ ఎక్కేవాళ్ళం. మోపిదేవిలో స్వామికి పాలు పోసిన సంగతి నాకు లీలగా గుర్తు. ఆ పడవలో అమ్మ, పిన్ని, మేనత్తలు వంటింట్లో ఎన్నడూ నవ్వనట్టు గట్టిగా నవ్వడం మాత్రం బాగా గుర్తు. సూర్యలంకలో కూడా అంతే. స్నానం అయిదు నిమిషాలు, తర్వాత రెండు గంటలపాటు తడిచీరలతో ఇసక మీద అటూ ఇటూ నడవడమే. దాన్ని ఎవరూ తిరుగుడు అనరు. వనభోజనాలు కూడా ఉన్నాయి, కానీ వాటిని ఈ లెక్కలో వెయ్యలేను. అక్కడ వనం మగవాళ్ళది, వారు పేకముక్కలు పరుస్తారు. ఇంటి పొయ్యి ఉసిరిచెట్టు కిందికి మారడం తప్ప మాకు ఒరిగేదేం లేదు.

ఇంగ్లీషు పాఠాలు చెప్పిన దాన్ని కాబట్టి ఆ దేశపు నడకలు కొన్ని నాకు పుస్తకాల్లో పరిచయం. వర్డ్స్‌వర్త్ పద్యాలు చెప్పేటప్పుడు ఆయన చెల్లెలు డొరొతీ గురించి సిలబస్‌లో ఉండదు, నేనే చెప్పేదాన్ని. 1798 జనవరిలో, నడిచొచ్చిన చలికాలపు దారుల్ని రోజువారీగా నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టింది ఆవిడ. చంద్రుడు ఎక్కడున్నాడు, మంచు ఏ కొమ్మ మీద నిలిచింది, దారిలో ఏ బిచ్చగత్తె కనిపించింది, అన్నీ. అంతకు నాలుగేళ్ళ ముందు, 1794లో, ఆడపిల్లవి ఊళ్ళ వెంట కాలినడకన తిరగడమేమిటని మేనమామ భార్య మందలించింది. డొరొతీ ధైర్యంగానే జవాబు రాసింది. ప్రకృతి ఇచ్చిన కాళ్ళ బలాన్ని వాడుకున్నాను, బండిలో కూచుంటే రాని ఆనందం వచ్చింది అని. అంతటితో ఆగకుండా, బండి ఎక్కకపోవడం వల్ల కనీసం ముప్పై షిల్లింగులు మిగిలాయి అని కూడా చేర్చింది. ఆ ముప్పై షిల్లింగుల దగ్గరికొచ్చేసరికి నాకు మా అమ్మ గుర్తొస్తుంది. ఆనందం ఒక్కటీ చాలదని ఆ పిల్లకీ తెలుసు.

తర్వాత నూట ముప్పై ఏళ్ళకి, 1927లో, వర్జీనియా వుల్ఫ్ చలికాలపు సాయంత్రం లండన్ వీధుల్లో నడిచిన నడక మీద ఒక వ్యాసం రాసింది. బయటికి పోవడానికి ఆవిడ చెప్పుకున్న కారణం పెన్సిలు కొనుక్కోవాలని. తన పేర గది, తన పేర ఆదాయం, తన పేర అచ్చాపీసు ఉన్న మనిషి. నలభై అయిదేళ్ళ వయసు. అయినా పెన్సిలు కావలసొచ్చింది. దాన్ని సాకు అని ఆవిడే చెబుతుంది, అందుకే నాకు ఆ వ్యాసం ఇష్టం. దాదాపు అదే కాలంలో మన చలం 'మైదానం' రాశాడు. చిన్నప్పుడు తెనాలిలో పెరిగిన మనిషి. రాజేశ్వరిని నాలుగు గోడల్లోంచి ఆకాశం కిందికి తెచ్చాడు, నిజమే. కానీ అక్కడిదాకా పోవడానికి ఆమెకి అమీర్ కావాలి. ప్రేమ కూడా ఒక పెన్సిలే.

ఇదంతా విని మా తమ్ముడు ఒక్కటే అంటాడు. "రోజులు బాలేవక్కా. పని లేకుండా బయటికెళ్తే ఎవరు బాధ్యులు?" వాడికి నా మీద ప్రేమే. నేను వాడికి 2022 మే 1 తెల్లవారుజాము గుర్తు చేస్తాను. రేపల్లె స్టేషన్లో, మేము రైలు దిగే ఆ ప్లాట్‌ఫారం మీద, కూలి పనికి పోతూ దారిలో రాత్రి ఆగిన కుటుంబంలోని గర్భిణి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె షికారుకి రాలేదు. పని మీదే పోతోంది. పక్కన భర్త ఉన్నాడు, పిల్లలున్నారు. ఊరు అడిగే ప్రశ్నలన్నిటికీ ఆమె దగ్గర జవాబులున్నాయి. వాటిలో ఒక్కటీ అక్కరకి రాలేదు. అర్ధరాత్రి దిగిన మనుషులకి తలదాచుకునే చోటు, దీపం, కాపలా ఉంటే అక్కరకి వచ్చేవి. తమ్ముడు మాట్లాడడు. మర్నాడు మళ్ళీ "రోజులు బాలేవు" అంటాడు.

మా అమ్మ ఒకే ఒక్కసారి ఎవరికీ కారణం చెప్పకుండా నడిచింది. 1977 నవంబరు 19 రాత్రి వచ్చిన తుఫాను తర్వాత. కృష్ణ అవతల దివిసీమని ఉప్పెన ఊడ్చేసిందన్న కబురు తర్వాతెప్పుడో తెలిసింది, ముందు తెలిసింది ఇంటి పైకప్పు లేదని. రెండో రోజున అమ్మ చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, రేపల్లె వైపున్న పుట్టింటివాళ్ళు బతికున్నారో లేదో చూసి రావడానికి బయల్దేరింది. రోడ్డు లేదు, పడిపోయిన తాటిచెట్ల మీదుగా నడిచింది. దారిలో ఎంతమంది ఎదురయినా ఒక్కరు కూడా "ఎక్కడికమ్మా" అనలేదట. "అందరం అట్టాగే పోతన్నాం గదా" అంటుంది. ఆ నడక గురించి చెప్పేటప్పుడు అమ్మ గొంతులో భయం కంటే ఇంకేదో ఉంటుంది. అది గర్వం అనుకుంటాను. అడిగితే ఒప్పుకోదు.

ఇంతవరకూ నేను రాసింది మా ఇళ్ళ ఆడవాళ్ళ సంగతి, అంటే గుమ్మం ఉన్నవాళ్ళ సంగతి. ఊరి చివర యానాదుల ఇళ్ళున్నాయి. అక్కడ నా ఈడు మనిషి ఒకామె ఉంది, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నేను అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. మా అమ్మ ఆమెని పేరు పెట్టి 'ఏమే' అని పిలుస్తుంది, ఆమె అమ్మని అమ్మగారూ అంటుంది. ఈ పిలుపులు మార్చడానికి నేను చేసిన ప్రయత్నం ఇంతవరకూ సాగలేదు. అక్క మండపీతలు పడుతుంది. ఆమె గడియారం పోటూ పాటూ. ఇవాళ ఆరింటికి పాటు వస్తే రేపు దాదాపు ఏడింటికి. నీళ్ళు తీసిన బురదలో మోకాలి లోతున దిగి, కలుగు చూసి, ఇనప కొక్కెం లోపలికి పెట్టి, పీత పట్టుకున్న అదురు చేతికి తెలిసేదాకా ఆగుతుంది. బయటికి తీశాక కాలితో తొక్కిపట్టి, క్షణంలో డెక్కలు రెండూ కట్టేస్తుంది. ఆలిచిప్పలు కోసిన గాట్లతో పాదాలు చెక్కిన కొయ్యలా ఉంటాయి. ఆ పీతలు బతికుండగానే బుట్టల్లో చెన్నై దాకా పోతాయి. చలికాలంలో ఆమె రోజుకి నడిచేది నా నడకకి నాలుగైదు రెట్లుంటుంది.

ఒకరోజు ఆమెతో నా 'ఎక్కడికమ్మా' గోల చెప్పుకుంటే శ్రద్ధగా విన్నది. "మమ్మల్ని ఏడకని అడగరు టీచరమ్మా. ఎందుకొచ్చావంటారు" అంది.

రెండు ప్రశ్నలకీ ఎంత దూరమో ఆ తర్వాత ఆమెతో నడిస్తే తెలిసింది. మా చిన్నప్పుడు ఊరి నుంచి మడ అడవి దాకా డొంక ఉండేది. రెండెడ్ల బళ్ళు ఎదురెదురుగా తప్పుకునేంత వెడల్పు. గొడ్లు, కట్టెలకి పోయేవాళ్ళు, వలలవాళ్ళు అందరూ అందులోనే. రికార్డుల్లో డొంక పోరంబోకు, అంటే ఎవరి సొంతమూ కాదు. 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. తీరానికి దగ్గరగా తవ్విన చెరువుల్ని తొలగించమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి పార్లమెంటు ఆ సాగుకి మళ్ళీ దారి ఇచ్చింది. 2009 తర్వాత టైగరు రొయ్య పోయి వనామీ వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ డొంక మాత్రం ప్రతి ఏడూ ఒక మూర సన్నబడుతూనే ఉంది. ఇప్పుడు చాలాచోట్ల మిగిలింది చెరువు గట్టే. గట్టు అంటే సొంత ఆస్తి. రెండు పక్కలా పీతలు రాకుండా నీలం వల, పైన పిట్టలు వాలకుండా తాళ్ళు, నీళ్ళలో రాత్రంతా తిరిగే ఏరేటర్లు, మొదట్లో కాపలా గుడిసె. నేను ఆ గట్టు మీద పోతే కాపలావాడు లేచి నిలబడి దారిస్తాడు. అక్క పోతే బుట్ట దించి చూపించమంటాడు. రొయ్యలు పోతాయని. ఇద్దరం కలిసి పోయిన రోజున కూడా నన్ను వదిలేసి ఆమె బుట్టే చూశాడు.

ఆ కుర్రవాణ్ణి తిట్టి లాభం లేదు. ఒడిశా నుంచి వచ్చినవాడు, చూసి పంపమని యజమాని చెప్పాడు, చూస్తున్నాడు. 2021 జులైలో రేపల్లె మండలం లంకెవానిదిబ్బ దగ్గర చెరువుల కాపలాకొచ్చిన అలాంటి ఒడిశా కుర్రాళ్ళు ఆరుగురు నిద్రలో కరెంటుకి బలయ్యారు. వాడి గుడిసె కూడా తీగల మధ్యే ఉంది.

కానీ బుట్ట చూపించమనడం ఈ కుర్రాడితో మొదలైన పని కాదు. బాపట్లకీ చీరాలకీ మధ్య స్టూవర్టుపురం ఉంది. 1913లో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన సెటిల్‌మెంటు. పేరు రాయించుకుని హాజరు వెయ్యాలి, పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఆ ముద్ర యానాదుల్లో కొందరి మీదా పడింది. నెల్లూరు వైపు కప్పరాళ్ళతిప్పలో వాళ్ళకీ సెటిల్‌మెంటు పెట్టారు. చీటీ లేకుండా నడిస్తే నేరం. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. చట్టం చేసిన ఇంగ్లీషువాళ్ళ సొంత దేశంలో, 1932 ఏప్రిల్లో, కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కొన్ని వందలమంది కార్మికులు కావాలని చొరబడి నడిచారు. జమీందార్ల వేటకోసం మూసిపెట్టిన బీడు అది. అయిదుగురు జైలుకెళ్ళారు. వాళ్ళ తర్వాతి తరాలు పోరాడి 2000లో కొండలూ బీళ్ళూ కాలినడకకి తెరిపించే చట్టం తెచ్చుకున్నాయి. అక్కడ పొలాల మధ్య కాలిబాటలన్నీ మ్యాపుల్లో గీసి ఉంటాయి, రైతు దున్నినా బాట వదలాలి. ఇంగ్లండు పల్లెల్లో చలికాలపు నడక గురించి ఎవరైనా ముచ్చటగా చెబితే నాకు ఆ అయిదుగురే గుర్తొస్తారు. మన డొంకలు కూడా మ్యాపులో గీసే ఉన్నాయి. గ్రామ పటం తీయించి, కొలిపించమని వదినా నేనూ ఇంకో ఏడుగురు ఆడవాళ్ళం అర్జీ రాశాం. అర్జీ మీద మొదటి సంతకం వదినది, మొదటి వేలిముద్ర అక్కది. కొలతకి ఇంకా ఎవరూ రాలేదు.

కిందటి కనుమ నాడు అక్కని నడకకి పిలిచాను. "కనుమ నాడు కాకి గూడా కదలదంటారు, నేనెందుకు టీచరమ్మా" అంది. పీతల కోసం కాదు, ఊరికే నడుద్దాం, బుట్ట వద్దు, అన్నాను. ఆమెకి నమ్మకం కుదరలేదు. కొక్కెమైనా తెచ్చుకుంటానంది. చివరికి తలకి తువ్వాలు చుట్టుకుని వట్టి చేతులతో వచ్చింది. వట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు వెనక్కి, కాసేపు నడుం మీద పెట్టుకుంది. వదిన దారిలో తేగల కట్ట కొంది. మంచులో తంపటి వేసిన తేగల వాసన కొంచెం దూరం మా వెంటే వచ్చింది.

గట్టు మొదట్లో కుర్రవాడు లేచాడు. అక్క చేతులకేసి చూశాడు, వెనక చూశాడు. బుట్ట లేదు. "ఎక్కడికి?" అన్నాడు.

"ఏడకీ లేదు" అంది అక్క.

వాడు ఇంకేమీ అడగలేదు. వదిన వాడికి రెండు తేగలిచ్చింది. వాటిని ఎలా తినాలో వాడికి తెలియదు, అక్కే నారతీసి, చీల్చి, చందమామ తీసి చూపించింది.

గట్టు చివర మడచెట్ల ముందు కాస్త ఎత్తు నేల ఉంటే కూర్చున్నాం. పాటు పూర్తిగా దిగింది. నీళ్ళు వదిలిన బురద మీద ఉల్లంకి పిట్టలు గుంపుగా పరుగెడుతూ పొడుచుకు తింటున్నాయి. ఎక్కడో ఉత్తర ధ్రువం చెంత గుడ్లు పెట్టి చలికాలానికి ఇక్కడిదాకా వస్తాయవి. నలభై ఏళ్ళుగా ఇక్కడికి వస్తున్నా ఎప్పుడూ కూర్చోలేదంది అక్క. ఎప్పుడూ వంగి ఉండడమే, చూపు కలుగుల మీదే. ఎదురుగా ఉన్న పాయ అవతలి చెట్లు ఏవో, వాటిలో ఏ చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందో, ఏ చెట్టు కర్ర పొగ రాకుండా మండుతుందో చెప్పుకొచ్చింది. మధ్యలో చెప్పడం ఆపి బురదలో రెండు కలుగులు చూపించి, "పెద్దవే, ఇద్దరున్నారు లోపల" అంది. చేతులు ఒక్కసారి కదిలాయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

ఎండెక్కాక లేచాం. కాలనీ మలుపు దగ్గర విడిపోతూ వదిన, "రేపు కూడా వస్తావా అక్కా?" అనడిగింది. వదిన ఆమెని అక్కా అనడం నేను వినడం అదే మొదలు.

"రేపు పాటు ఎనిమిదింటికమ్మా" అంది. "బుట్టతో పోవాలి."